ట్రాక్టరు దగ్గర భద్రత – 3వ పాఠం: పీటీవో షాఫ్టు, రోటవేటరు

గత పాఠంలో బ్రేకుల సంగతి చూశాం. పొలంలో కుడి, ఎడమ చక్రాల బ్రేకు పెడళ్ళు రెండూ విడివిడిగా ఉండాలి, రోడ్డెక్కే ముందు కొక్కెం వేసి కలపాలి. ఈసారి ట్రాక్టరు వెనక్కి వెళ్దాం. నాట్లకు మడిని నీళ్ళతో బురదగా దున్నే దమ్ము రోజులు దగ్గరపడ్డాయి కాబట్టి ఈ పాఠాన్ని ముందుకు జరిపాను.

రోటవేటరు అంటే తిరిగే కత్తులతో మట్టిని కలియదున్నే పనిముట్టు. ఇంజను బలాన్ని దానికి అందించే, ట్రాక్టరు వెనక తిరిగే కడ్డీయే పీటీవో షాఫ్టు. ఈ షాఫ్టు సాధారణ వేగం నిమిషానికి 540 చుట్లు. కాగితం మీద ఒక లెక్క వేయండి. 540ని 60తో భాగిస్తే సెకనుకు 9 చుట్లు. షాఫ్టు మందం 7 సెంటీమీటర్లు అనుకుంటే, ఒక్కో చుట్టుకు 22 సెంటీమీటర్ల గుడ్డను లాగేసుకుంటుంది. తొమ్మిది చుట్లకు దాదాపు 2 మీటర్లు. అంటే మెడలో తువ్వాలు కొస దానికి తగిలితే ఒక్క సెకనులో తువ్వాలంతా లోపలికి పోతుంది. మనిషి ఎంత బలవంతుడైనా వెనక్కి లాక్కోలేడు. దమ్ములోకి దిగేటప్పుడు లుంగీ, తువ్వాలు వద్దు. నిక్కరో బిగుతైన ప్యాంటో వేసుకోండి. నారు అందించడానికి వచ్చే ఆడవాళ్ళ కొంగు, చున్నీ, జడ కూడా ఇంతే ప్రమాదం. షాఫ్టు తిరుగుతున్నంతసేపు వాళ్ళను గట్టు మీదే ఉండమనండి.

షాఫ్టు మీద ప్లాస్టిక్ గొట్టం ఒకటి వస్తుంది. లోపల కడ్డీ తిరిగినా అది తిరగకుండా చిన్న గొలుసు పట్టి ఉంచుతుంది. గ్రీజు పెట్టడానికి అడ్డమని దాన్ని తీసి షెడ్డులో పడేస్తారు, మళ్ళీ ఎవరూ తొడగరు. విరిగితే కొత్తది కొనండి. రోటవేటరు ఖరీదులో అది లెక్కలోకి రాని ఖర్చు. ఇంకో సంగతి: ఓవర్‌లోడయితే తెగిపోవాల్సిన బోల్టు తెగిందని, దాని బదులు చేతికి దొరికిన పొడవాటి బోల్టు బిగిస్తారు. బయటికి పొడుచుకొచ్చిన ఆ కొసే గుడ్డను పట్టుకునేది. పైగా తెగాల్సిన చోట తెగకపోతే గేరు బాక్సు పోతుంది.

ఇక క్లచ్. చాలామంది ప్రాణాల మీదికి తెచ్చేది ఇదే. క్లచ్ తొక్కితే రోటవేటరు కూడా ఆగుతుందనుకుంటారు. డ్యూయల్ క్లచ్ ట్రాక్టరులో పెడలు సగం తొక్కితే చక్రాలు మాత్రమే ఆగుతాయి, పీటీవో తిరుగుతూనే ఉంటుంది. పూర్తిగా తొక్కితేనే అదీ ఆగుతుంది. సింగిల్ క్లచ్‌లో రెండూ కలిసి ఆగుతాయి గానీ, బురద కాలు పెడలు మీద జారితే ఆ క్షణమే తిరుగుడు మొదలవుతుంది. పీటీవోకు విడిగా క్లచ్ లీవరున్న ట్రాక్టర్లలో కాలి క్లచ్‌తో దానికి సంబంధమే లేదు. కాబట్టి క్లచ్ తొక్కి పట్టుకుని, "గడ్డి లాగెయ్ తమ్ముడూ" అని ఇంకొకరిని వెనక్కి పంపకండి.

కత్తులకు తుంగ, పాత వరి దుబ్బులు చుట్టుకుంటే ఇలా చేయండి. ట్రాక్టరును గట్టి నేల మీదికి తీసుకురండి. రోటవేటరు ఎత్తి, పీటీవో లీవరు న్యూట్రల్‌లో పెట్టి, ఇంజను ఆపి, తాళం చెవి మీ జేబులో వేసుకోండి. వేరేవాళ్ళ చేతికి ఇవ్వద్దు. ఇంజను ఆగాక కూడా కత్తులు కాసేపు తిరుగుతాయి, అవి పూర్తిగా నిలిచేదాకా ఆగండి. కింద లావుపాటి చెక్క మొద్దులు పెట్టండి. రోటవేటరును ఎత్తి పట్టే హైడ్రాలిక్‌ను నమ్మి కింద చెయ్యి పెట్టకూడదు, లీవరుకు మోచెయ్యి తగిలినా దిగిపోతుంది. ఆ తర్వాతే కొడవలితో కోసి తీయండి. మడిలో మొద్దులు కుంగిపోతాయి, అందుకే గట్టి నేల.

మడ్‌గార్డు మీద ఎవరినీ కూర్చోబెట్టకండి. దమ్ములో చక్రం గుంతలో పడితే కూర్చున్నవాళ్ళు వెనక్కి జారతారు, పడేది సరిగ్గా కత్తుల ముందే. పిల్లాడు ముచ్చటపడి ఏడ్చినా సరే, ఎక్కించుకోవద్దు. రోటవేటరు లోతుగా దిగాలని దాని మీద మనిషిని నిలబెట్టడం కూడా ఆపేయాలి.

ఈ వారం అభ్యాసం. ఇంజను ఆపి ఉండగా ప్లాస్టిక్ గొట్టాన్ని, గొలుసు వదులున్నంత మేర, చేత్తో తిప్పి చూడండి. కడ్డీతో సంబంధం లేకుండా తేలిగ్గా తిరగాలి. పట్టేస్తే బేరింగు మార్చాలి. తర్వాత చుట్టుపక్కల ఎవరూ లేకుండా చూసుకుని, రోటవేటరు కొంచెం ఎత్తి, పీటీవో వేసి, సీటు దిగకుండా క్లచ్ నెమ్మదిగా తొక్కండి. కత్తులు ఎక్కడ ఆగుతున్నాయో, అసలు ఆగుతున్నాయో లేదో చూసి రాసిపెట్టుకోండి. అద్దెకు తోలే డ్రైవరుంటే ఆయనతోనూ చేయించండి.

వచ్చే పాఠంలో, దిగబడిన ట్రాక్టరు చక్రాల ముందు దుంగ కడితే ముందు భాగం పైకి లేచి ఎందుకు వెనక్కి తిరగబడుతుందో చూద్దాం.