సోఫా మీంచి కంప్యూటర్ – పాఠం 3: డాంగిల్ చోటు మారిస్తే చాలు

ఈసారి షార్ట్‌కట్‌లతో మొదలుపెడదామనుకున్నాను. కానీ పోయిన పాఠం చూసి టీవీకి టచ్‌ప్యాడ్ ఉన్న వైర్‌లెస్ కీబోర్డ్ పెట్టుకున్నవాళ్లు చాలామంది ఒక్కచోటే ఆగిపోయారు. టచ్‌ప్యాడ్ మీద వేలు జరిపితే కర్సర్ కాస్త కదిలి నిలబడిపోతోంది, ఆ వెంటనే మూలకి దూకేస్తోంది. టైప్ చేస్తే మధ్యలో అక్షరాలు ఎగిరిపోతున్నాయి. తప్పు నాదే. డాంగిల్‌ని, అంటే కీబోర్డ్‌తో పాటు వచ్చే ఆ చిన్న యూఎస్‌బీ రిసీవర్‌ని, ఖాళీగా ఉన్న యూఎస్‌బీ పోర్టులో పెట్టండని ఒక్క ముక్కలో దాటేశాను.

ఇలా అవగానే అందరూ ముందు బ్యాటరీలు మారుస్తారు. మార్చినా అదే తంతు. ఆ డాంగిల్ పక్కన ఏముందో చూడండి. సినిమాలు దాచుకున్న హార్డ్ డిస్క్ గుచ్చి ఉందా? అదే అసలు కారణం కావచ్చు. మన కీబోర్డ్ డాంగిల్‌తో మాట్లాడేది 2.4 గిగాహెర్ట్జ్ రేడియో బ్యాండ్ మీద. యూఎస్‌బీ 3.0 హార్డ్ డిస్క్ పనిచేస్తున్నప్పుడు దాని కనెక్టర్ నుంచీ వైరు నుంచీ వెలువడే రేడియో రొద సరిగ్గా ఆ బ్యాండ్ మీదే పడుతుంది. 2012లో ఇంటెల్ దీనిమీద ప్రత్యేకంగా ఒక పత్రమే వెలువరించింది.

ఇక్కడే ఇంకో పొరపాటు జరుగుతుంది. ఇది నాకు నిజంగా చిరాకు తెప్పిస్తుంది. ‘నీలం పోర్టు యూఎస్‌బీ 3, నల్లది యూఎస్‌బీ 2’ అని ఎవరో చెబుతారు. డాంగిల్‌ని నీలందాంట్లోంచి తీసి పక్కనే ఉన్న నల్లదాంట్లో పెడతారు. తేడా కనబడదు. ఎందుకు కనబడుతుంది? రొద డాంగిల్‌కి చేరేది పోర్టు లోపల్నుంచి కాదు, గాల్లోంచి. హోరెత్తే మైకు పక్కనుంచి లేచి ఆ పక్క కుర్చీలో కూర్చున్నట్టే. మార్చాల్సింది పోర్టు రంగు కాదు, దూరం.

మా ఇంట్లో మినీ పీసీ టీవీ వెనక ఉంటుంది. నాన్నగారు సినిమా ఆపడానికి స్పేస్ బార్ కొడితే మొదటి దెబ్బ అందేది కాదు. రెండోసారి, మూడోసారి కొడితే రెండూ అందేవి. సినిమా ఆగి మళ్లీ నడిచేది. మీటరు పొడవున్న యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబుల్ తెచ్చి, డాంగిల్‌ని టీవీ స్టాండు అంచున సోఫాకి ఎదురుగా టేపుతో అంటించాను. ఆ సాయంత్రం నుంచి ఒక్క దెబ్బకే ఆగుతోంది.

కేబుల్ కొనేముందు పరీక్షించుకోండి. హార్డ్ డిస్క్‌ని ఎజెక్ట్ చేసి వైరు పీకేయండి. కర్సర్ నున్నగా నడిస్తే దొంగ దొరికినట్టే. నడవకపోతే, మీ వైఫై కూడా ఆ 2.4 మీదే ఉండి అడ్డుపడుతుండొచ్చు, దాన్ని 5 గిగాహెర్ట్జ్‌కి మార్చి చూడండి.

ఇక షార్ట్‌కట్‌లు. యూట్యూబ్‌లో కె ఆపుతుంది, జె, ఎల్ పది సెకన్లు వెనక్కీ ముందుకీ, ఎఫ్ ఫుల్ స్క్రీన్. సోఫా నుంచి అక్షరాలు కనబడకపోతే బ్రౌజర్‌లో కంట్రోల్, ప్లస్. నేనైతే సినిమాలకి వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్‌నే వాడతాను, ఈ రెండు కీల కోసం: జి, హెచ్. సబ్‌టైటిల్ మాట కంటే ఆలస్యంగా వస్తుంటే జి, ముందే వచ్చేస్తుంటే హెచ్. ఒక్కో నొక్కుకి 50 మిల్లీసెకన్లు జరుగుతుంది; సెకను జరపాలంటే 20 సార్లు నొక్కాలి. బి నొక్కితే ఆడియో మారుతుంది, ఫైల్‌లో తెలుగూ తమిళమూ రెండూ ఉంటే పనికొస్తుంది.

అభ్యాసం: టచ్‌ప్యాడ్ మీద ఒక అట్టముక్క అంటించేయండి. విండోస్ కీ నొక్కి వీఎల్‌సీ అని కొట్టి తెరవండి, కంట్రోల్, ఓ నొక్కి సినిమా ఎంచుకోండి, సబ్‌టైటిల్ సరిచేయండి, మధ్యలో రెండుసార్లు ఆపి నడిపించండి, చివరికి ఆల్ట్, ఎఫ్4తో మూసేయండి. అట్ట తీయకుండా సినిమా మొత్తం చూడాలి. ఎక్కడ చెయ్యి అట్ట మీదికి పోయిందో కాగితం మీద రాసి పెట్టుకోండి, నాలుగో పాఠం అక్కణ్నుంచే మొదలుపెడదాం.