గేటు నుంచి గ్లాసు దాకా: వానలు పడకముందే కుళాయి నీళ్ళ సంగతి చూసుకోండి

రోజు విడిచి రోజు, అదీ గంటో రెండు గంటలో నీళ్ళు వదిలే నగరాల్లో వీధి పైపు మిగతా సమయమంతా దాదాపు ఖాళీగానే ఉంటుంది. నీళ్ళు నిండుగా పారుతున్నప్పుడు ఎక్కడైనా పగులు ఉంటే లోపలి నీరు బయటికి చిమ్ముతుంది. సరఫరా ఆగి ఒత్తిడి పడిపోయాక అదే పగులులోంచి చుట్టూ నేలలో ఉన్న తడి లోపలికి ఊరుతుంది. ఎండాకాలంలో ఆ తడి తక్కువ. వానాకాలంలో ఆ తడి చాలాచోట్ల పొంగిన మురుగుకాలవే. మళ్ళీ నీళ్ళు వదిలినప్పుడు ముందుగా మన కుళాయిలోకి తోసుకొచ్చేది అదే.

శుద్ధి కేంద్రంలో నీటిని వడగట్టి, క్లోరిన్ కలిపి పంపుతారు. అక్కడ బాగానే బయల్దేరిన నీళ్ళు దారిలో ఎన్నో చోట్ల చెడిపోవచ్చు. శుద్ధి కేంద్రం మన చేతిలో లేదు, వీధి పైపూ లేదు. గేటు నుంచి గ్లాసు దాకా ఉన్న దారి మాత్రం పూర్తిగా మనది. చాలామంది డబ్బు పోసి వంటింట్లో యంత్రం బిగిస్తారు గానీ, ఆ యంత్రానికి నీళ్ళిచ్చే సంపు మూత తీసి చూసి ఎన్నాళ్ళయిందంటే చెప్పలేరు. తొలకరికి రెండు మూడు వారాల ముందు ఒక సెలవు రోజు ఈ పనికే పెట్టుకోండి.

గేటు దగ్గర మొదలుపెట్టండి. కనెక్షను నేలలోకి దిగే చోట ఎప్పుడూ చెమ్మగా ఉన్నా, అక్కడ మాత్రమే గడ్డి పచ్చగా పెరిగినా లీకు ఉందేమోనని అనుమానించాలి. నీళ్ళు బయటికే కదా పోతున్నాయి అని వదిలేయకండి. అవి బయటికి పోయే దారిలోంచే మురుగు లోపలికి వస్తుంది. ఇంటి పైపు మురుగు చాంబరు మీదుగానో కాలవ అడుగునుంచో వెళ్తుంటే ప్లంబరును పిలిచి దారి మార్పించండి.

వీధి పైపుకు నేరుగా మోటారు తగిలించి లాగేవాళ్ళకు ఒక మాట. మోటారు పీల్చేటప్పుడు పైపులో ఒత్తిడి బయటి గాలి ఒత్తిడి కన్నా తగ్గిపోతుంది. అప్పుడు పగుళ్ళ దగ్గరి మురుగును కూడా ఆ మోటారే లాగుతుంది. అది మీ ఒక్కరికే కాదు, ఆ వరసలో ఉన్న ఇళ్ళన్నిటికీ చేరుతుంది. పక్కింటి పసిబిడ్డ తాగేది కూడా ఆ నీళ్ళే. నీళ్ళను వాటంతట అవి సంపులోకి పడనివ్వండి, మోటారు అక్కణ్ణుంచి పెట్టుకోండి. సరఫరా మొదలైన మొదటి కొన్ని నిమిషాల నీళ్ళు సంపులోకి పోనివ్వకుండా బకెట్లకు పట్టి, కడగడానికి వాడుకోండి. పైపు మరమ్మతు జరిగాక, రెండు మూడు రోజులు సరఫరా ఆగి మొదలయ్యాక ఇది మరీ ముఖ్యం.

ఇక సంపు. మేము అద్దెకున్న ఒక ఇంట్లో సంపు మూత నేలమట్టానికే ఉండేది. గట్టిగా వాన పడ్డప్పుడల్లా వాకిట్లో నిలిచిన నీళ్ళు మెల్లగా అందులోకి దిగేవి. ఆ ఏడు ఇంట్లో ఇద్దరికి కామెర్లు వచ్చాయి. మూత చుట్టూ జానెడు గట్టు కట్టడం మేస్త్రీకి ఒక పూట పని. అది ముందే చేయించలేదన్న బాధ నాకింకా ఉంది. మీ సంపు మూత నేలకన్నా ఎత్తుగా ఉందా, దాని గోడకూ సెప్టిక్ ట్యాంకుకూ మధ్య ఎంత దూరం ఉంది, గోడలో చెమ్మ మచ్చలున్నాయా, ఈ మూడూ తప్పక చూడండి.

శుభ్రం చేయడంలో ప్రాణాపాయం ఉంది. మూసి ఉన్న సంపులో ఆక్సిజన్ తగ్గిపోయి ఉండవచ్చు, విషవాయువులు చేరి ఉండవచ్చు. దిగినవాడు పడిపోతే కాపాడబోయి దిగిన రెండోవాడు కూడా పడిపోవడం ఇలాంటి చోట్ల మళ్ళీ మళ్ళీ జరుగుతున్నదే. మూత తీసి చాలాసేపు గాలి ఆడనివ్వండి. ఎవరూ ఒంటరిగా దిగకూడదు, దిగే మనిషి నడుముకు తాడు, పైన ఇద్దరు మనుషులు ఉండాలి. దీపం దించి చూసే పాత పద్ధతిని నమ్మకండి. అది విషవాయువులన్నిటినీ పట్టివ్వదు, మండే వాయువుంటే అంటుకుంటుంది కూడా. లోతైన సంపు అయితే తగిన సరంజామా ఉన్న వాళ్ళనే పిలిపించండి.

అడుగు బురద ఎత్తి, గోడలు రుద్ది కడిగాక క్రిమిసంహారం చేయాలి. 33 శాతం క్లోరిన్ ఉన్న బ్లీచింగ్ పౌడరు అయితే వెయ్యి లీటర్ల ట్యాంకుకు 150 గ్రాములు సరిపోతుంది. అంటే లీటరుకు 50 మిల్లీగ్రాముల క్లోరిన్. పౌడరును విడిగా బకెట్లో కలిపి, సున్నం అడుగుకు చేరాక పైన తేరిన నీళ్ళు ట్యాంకులో పోసి నింపండి. కుళాయిలన్నీ క్లోరిన్ వాసన వచ్చేదాకా వదిలి కట్టేసి, ఒక రాత్రంతా ఉంచి, మొత్తం వదిలేసి మళ్ళీ మంచి నీళ్ళతో కడగండి. రాత్రంతా ఉంచిన ఆ క్లోరిన్ నీళ్ళు తాగడానికి గానీ వంటకు గానీ పనికిరావు. మూత తీసి ఏళ్ళ తరబడి ఉంచిన పౌడరులో సత్తువ ఉండదు. ఎట్టి పరిస్థితిలోనూ బ్లీచింగ్‌ను యాసిడ్‌తో కలపకండి, విషవాయువు పుడుతుంది. మేడ మీద ట్యాంకుకు కూడా ఇదే పద్ధతి. దాని మూత గాలికి ఎగరకుండా, పొర్లు గొట్టానికి దోమతెర ఉండేలా చూడండి.

కుళాయి నీళ్ళలో క్లోరిన్ వాసన వస్తోందని విసుక్కునేవాళ్ళు చాలామంది. కొద్దిపాటి వాసన మంచి గుర్తే. నీళ్ళు చేరే చోట లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. దారిలో చిన్నపాటి కల్తీ జరిగినా ఆ మిగులు కొంత కాపు కాస్తుంది. చుక్కలు వేసి రంగు చూసే చిన్న కిట్టుతో ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. ఎప్పుడూ కనబడే క్లోరిన్ ఒక రోజు ఉన్నట్టుండి సున్నా అయితే, దారిలో ఏదో దాన్ని తినేసిందేమోనని అనుమానించి ఆ రోజు కాచిన నీళ్ళే తాగండి.

టీడీఎస్ మీటరును నమ్ముకుని నిశ్చింతగా ఉండేవాళ్ళను చూస్తే నాకు భయం వేస్తుంది. అది కొలిచేది నీటి విద్యుత్ వాహకతను, అంటే కరిగిన లవణాలు సుమారుగా ఎన్ని అన్నది మాత్రమే. సూక్ష్మజీవులు అందులో కనబడవు. సీసం లీటరుకు 10 మైక్రోగ్రాములు దాటితేనే ప్రమాణం మించినట్టు, ఆ మీటరుకు అది తెలియను కూడా తెలియదు. మీటరులో అంకె తక్కువగా ఉన్న నీళ్ళతో కూడా కలరా రావచ్చు. బ్యాక్టీరియా సంగతికి హైడ్రోజన్ సల్ఫైడ్ సీసా పరీక్ష సులువు. నీళ్ళు పోసి ఉంచితే ఒకటి రెండు రోజుల్లో నల్లబడితే మలం కలిసి ఉండవచ్చని అర్థం. నల్లబడకపోయినా పూర్తి భరోసా కాదు, ఎందుకంటే వైరస్‌లను ఆ సీసా పట్టదు.

వైరస్‌ల మాట ఊరికే అనడం లేదు. 1955 చివర్లో ఢిల్లీలో యమున వరద తర్వాత మురుగు వెనక్కి మళ్ళి, మంచినీళ్ళు తోడే చోటికి చేరింది. క్లోరిన్ వేస్తూనే ఉన్నా సుమారు 29 వేల మందికి కామెర్లు వచ్చాయి. అది హెపటైటిస్ ఇ అని తేలింది చాలా ఏళ్ళ తర్వాత. ఆ వైరస్ నిండు గర్భిణులకు ప్రాణాంతకం కాగలదు. 1993లో అమెరికాలోని మిల్వాకీలో క్లోరిన్‌కు లొంగని క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి సుమారు నాలుగు లక్షల మందిని మంచాన పడేసిందని అంచనా. ఆ రోజుల్లో అక్కడి నీళ్ళలో మసక పెరిగింది. అందుకే నీళ్ళు మసకగా కనబడితే ఫిల్టరు ఉంది కదా అని ధీమా వద్దు.

అక్కడ అక్కరకొచ్చేది కాచడమే. మసక ఉంటే ముందు తేరనిచ్చి, శుభ్రమైన గుడ్డతో వడగట్టి, సలసలా మరగడం మొదలయ్యాక ఒక నిమిషం ఉంచాలి. సముద్రమట్టానికి 2,000 మీటర్ల పైన ఉండేవాళ్ళు మూడు నిమిషాలు. పొయ్యి లేని చోట 5 నుంచి 6 శాతం ఉన్న, సువాసన కలపని క్లోరిన్ ద్రావణం లీటరుకు రెండు చుక్కలు వేసి అరగంట ఆగండి. మసకగా ఉంటే నాలుగు చుక్కలు.

కాచితే పోనివి కూడా ఉన్నాయి. సీసం, ఆర్సెనిక్, ఫ్లోరైడ్, నైట్రేట్ మరిగించినా ఎక్కడికీ పోవు. నీళ్ళు ఆవిరై తగ్గేకొద్దీ వాటి సాంద్రతే పెరుగుతుంది. బోరు నీళ్ళు కలిపి ఇచ్చే చోట, ఎరువులు పడే పొలాల పక్కన నైట్రేట్ ఎంతుందో ప్రయోగశాలలో చూపించకుండా ఆరు నెలల లోపు పిల్లల పాలపొడి కలపడానికి ఆ నీళ్ళు వాడకండి. లీటరుకు 50 మిల్లీగ్రాములు మించితే పసిపిల్లల రక్తం ఆక్సిజన్‌ను మోయలేక ఒళ్ళు నీలంగా మారే ప్రమాదం ఉంది. సీసం చాలావరకు నదిలోంచి రాదు, పాత పైపుల నుంచి, అతుకుల నుంచి, ఇత్తడి కుళాయిల నుంచి దిగుతుంది. అమెరికాలోని ఫ్లింట్‌లో 2014లో నీటి వనరు మార్చి, పైపులు తినుకుపోకుండా కలపవలసిన మందు కలపకపోవడంతో ఇళ్ళలోకి సీసం వచ్చింది. పాత ఇల్లయితే రాత్రంతా పైపులో నిలిచిన నీళ్ళు పొద్దున్నే తాగకండి, కాసేపు వదిలేయండి. వేడినీళ్ళ కుళాయి నుంచి పట్టి వంట చేయకండి, వేడికి సీసం ఇంకా దిగుతుంది.

యంత్రం కొనేముందు మీ నీళ్ళలో ఉన్నదేమిటో తెలుసుకోండి. యూవీ దీపం సూక్ష్మజీవులకే, అదీ నీళ్ళు తేటగా ఉంటేనే. నీటిని సన్నటి పొరలోంచి తోసి వడగట్టే ఆర్‌ఓ లోహాలనూ లవణాలనూ తీస్తుంది గానీ, ఆ పొర చిరిగితే చెప్పే నాథుడు లేడు. పైగా శుద్ధి చేసిన నీళ్ళలో క్లోరిన్ మిగలదు, చేయి ముంచినా, మూత తెరిచి ఉంచినా మళ్ళీ చెడిపోతాయి. కుళాయి ఉన్న పాత్రో, మూతా కాడ ఉన్న గరిటా పెట్టుకున్న బిందో వాడండి.

మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఒకే వారం రెండు మూడు విరేచనాల కేసులు వస్తే, లీటరు కాచిన నీళ్ళకు ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు కలిపి తాగించడం మొదలుపెట్టి, డాక్టరుకు చూపించండి. నీటి శాఖకు ఫిర్యాదు చేసేటప్పుడు వీధి పైపు నుంచి నేరుగా వచ్చే కుళాయి దగ్గర ఒక నమూనా, వంటింటి కుళాయి దగ్గర ఒకటి, రెండూ విడివిడిగా ఇవ్వండి. లోపం గేటుకు అవతల ఉందో ఇవతల ఉందో అప్పుడే తేలుతుంది.