టీఎంఎస్ ప్రయోగంలో కూర్చునే ముందు

తలపై కాయిల్ పెట్టి, అయస్కాంత పల్స్‌లతో మెదడును ఉత్తేజపరిచే పద్ధతే టీఎంఎస్. 1985లో షెఫీల్డ్‌లో ఆంథొనీ బార్కర్ బృందం దీన్ని చేసి చూపించింది. కోత ఉండదు, మత్తు ఉండదు. అలాగని ఏమీ చూసుకోకుండా వెళ్లకూడదు.

– అన్నిటికంటే ముందు లోహం. వినికిడి కోసం చెవిలో అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్, మెదడు రక్తనాళానికి వేసిన క్లిప్, మెదడు లోపల అమర్చే డీబీఎస్ ఎలక్ట్రోడ్లు, పేస్‌మేకర్... ఏది ఉన్నా చెప్పాలి. ఎప్పుడో కంట్లో ఇనుప రజను పడినా సరే. కాయిల్ దగ్గర అయస్కాంత క్షేత్రం 1.5 నుంచి 2 టెస్లాల దాకా వెళ్తుంది, అంటే దాదాపు ఎంఆర్ఐ యంత్రమంత. కమ్మలు, హెయిర్ పిన్నులు తీసేయండి.

– ఫిట్స్ రావడం చాలా అరుదు. కానీ నిద్ర చాలకపోయినా, ముందురోజు మద్యం తాగినా ఆ ముప్పు పెరుగుతుంది. మీకు గానీ ఇంట్లోవాళ్లకు గానీ మూర్ఛ ఉంటే దాచొద్దు. వాడే మందులన్నీ రాసుకెళ్లండి, ముఖ్యంగా డిప్రెషన్‌కు వాడే బ్యుప్రొపియాన్ లాంటివి. ప్రయోగానికి ముందు నింపే ఫారం కోసమని సొంతంగా మాత్రలు ఆపేయడం మాత్రం అసలు వద్దు.

– గర్భవతి అయితే ముందే చెప్పాలి.

– ఇయర్‌ప్లగ్స్ అడిగి పెట్టించుకోండి. ఆ టక్‌టక్ శబ్దం అనుకున్నదానికన్నా గట్టిగా ఉంటుంది.

– మొదట్లో చేతి బొటనవేలు దానంతటదే అదురుతుంది. టెన్షన్ పడొద్దు, మీకు ఎంత తీవ్రత సరిపోతుందో అలాగే కొలుస్తారు.

– సమ్మతి పత్రం పూర్తిగా చదవండి. పోలిక కోసం మీకు ఉత్తుత్తి స్టిమ్యులేషన్ కూడా ఇవ్వొచ్చు. మధ్యలో ఎప్పుడైనా ఆపమనొచ్చు, కారణం చెప్పక్కర్లేదు.