పాథాలజిస్టు సైటేషన్లను చదవడం ఎలా

మా మెడికల్ కాలేజీ లైబ్రరీకి వచ్చే పీజీ విద్యార్థులు గైడును ఎంచుకునే ముందు నన్ను అడిగేది ఒకటే: "మేడమ్, ఆ సార్ హెచ్-ఇండెక్స్ ఎంత?" ఒకరి వ్యాసాలను ఇతరులు ఎన్నిసార్లు ఉదహరించారో, అంటే వాటికి ఎన్ని సైటేషన్లు వచ్చాయో చూసి కట్టే అంకె అది. దాన్ని చెప్పడానికి అర నిమిషం చాలు. అది ఎలా వచ్చిందో చూడాలంటే ఒక మధ్యాహ్నం పడుతుంది. కణజాలాన్ని పరీక్షించి క్యాన్సర్‌ను నిర్ధారించే పాథాలజిస్టు విషయంలో ఆ మధ్యాహ్నాన్ని ఖర్చు పెట్టాల్సిందే.

ముందు పేరు సంగతి తేల్చుకోండి. మన పేర్లు డేటాబేసులకు ఎక్కేసరికి తలకిందులవుతాయి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1925లో సైరస్ ఫిస్కే అనే జీవరసాయన శాస్త్రవేత్తతో కలిసి ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని ప్రచురించారు. ఆ వ్యాసాన్ని ఉదహరించే చోట ఆయన 'సుబ్బారో వై'. పేరు ఇంటిపేరు స్థానానికి ఎక్కింది, ఇంటిపేరు ఒక్క పొడి అక్షరంగా మిగిలింది. కాబట్టి ఇంటిపేరుతోనూ, పేరుతోనూ, పొడి అక్షరాలు అటూ ఇటూ మార్చీ వెతకండి. ఒక్కో పరిశోధకుడికి విడిగా ఇచ్చే 16 అంకెల గుర్తింపు సంఖ్య, ఆర్కిడ్, ఉంటే పని సులువు. గూగుల్ స్కాలర్ ప్రొఫైల్లో వరి తెగుళ్ల మీద వ్యాసాలు కనిపిస్తే అదే పేరున్న మరొకరివి కలిశాయన్నమాట. వాటిని తీసేశాకే లెక్క.

స్కాలర్ అంకెను స్కోపస్ అనే మరో సైటేషన్ల డేటాబేసు అంకెతో పోల్చకండి. సిద్ధాంత గ్రంథాలనూ, పత్రికలో అచ్చుకాకముందే బయటపెట్టే ప్రీప్రింట్లనూ కూడా కలుపుకొనే స్కాలర్‌లో అంకె సాధారణంగా పెద్దదే వస్తుంది.

ఇక రచయితల వరుస. వైద్య పరిశోధనలో మామూలుగా మొదటి పేరు పని చేసినవారిది, చివరి పేరు నడిపించినవారిది. పెద్ద క్లినికల్ ట్రయల్లో స్లైడులన్నీ చూసి క్యాన్సర్ తీవ్రతకు గ్రేడు ఇచ్చిన పాథాలజిస్టు పేరు తరచూ మధ్యలో ఎక్కడో ఉంటుంది. ఆ పని చిన్నదని నేను అనను, గ్రేడు తప్పితే ట్రయలే తప్పుతుంది. కానీ హెచ్-ఇండెక్స్‌కు మొదలూ మధ్యా తేడా తెలియదు. 2005లో హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త దాన్ని ప్రతిపాదించారు. కనీసం 20 సైటేషన్లు చొప్పున వచ్చిన వ్యాసాలు 20 ఉంటే ఇండెక్స్ 20, అంతే. అందుకే కాగితం మీద రెండు వరుసలు గీయండి: మొదటి లేదా చివరి పేరుగా ఉన్నవి ఒకవైపు, మధ్యలో ఉన్నవి మరోవైపు. మొదటి వరుసకు విడిగా ఇండెక్స్ లెక్కించండి. మొత్తం ఇండెక్స్‌కూ దీనికీ మధ్య దూరం చూసి చాలామంది కంగు తింటారు.

అన్నిటికన్నా ఎక్కువ సమయం వ్యాసం రకానికి కేటాయించండి. ఈ రంగంలో సైటేషన్లు ఎక్కువగా కొలబద్దలకూ వర్గీకరణలకూ వెళతాయి. మినియాపొలిస్‌లోని వెటరన్స్ ఆసుపత్రిలో పనిచేసిన డొనాల్డ్ గ్లీసన్ 1966లో ప్రోస్టేట్ క్యాన్సర్‌కు గ్రేడింగ్ ప్రతిపాదించారు. గ్రంథుల అమరిక చూసి 1 నుంచి 5 వరకు అంకె ఇవ్వడం, ఎక్కువగా కనిపించే రెండు అమరికల అంకెలను కలపడం ఆ పద్ధతి. ఈనాటికీ బయాప్సీ రిపోర్టులో ఆయన పేరు రాస్తారు. రిపోర్టులో రాసినది సైటేషన్ కాదు. వ్యాసాల్లో కూడా 'గ్లీసన్ స్కోరు' అని రాసి మూలాన్ని చూపకుండా వదిలేసేవారు ఎందరో. ఎంత ఎక్కువ వాడితే అంత తక్కువ ఉదహరించే విడ్డూరం ఇది.

దీనికి మరో ముఖం ఉంది. బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో పాథాలజిస్టు సిడ్నీ ఫార్బర్, పిల్లల లుకేమియా అమినోప్టెరిన్‌తో తాత్కాలికంగా తగ్గుముఖం పడుతుందని 1948లో చూపించారు. ఆ మందు లెడర్లే అనే అమెరికా మందుల సంస్థ ప్రయోగశాలలో సుబ్బారావు నాయకత్వంలో తయారైంది. ఆ వ్యాసానికి రచయితలు ఐదుగురు, వారిలో సుబ్బారావు లేరు. సైటేషన్లు లెక్కపెట్టే యంత్రానికి ఆయన అక్కడ లేనట్లే. అందుకని వ్యాసం చివర ఉండే కృతజ్ఞతలు కూడా చదవమంటాను.

తర్వాత, ఎక్కువగా ఉదహరించిన ఒక వ్యాసాన్ని తీసుకుని, దాన్ని ఉదహరించిన వాటిలో నాలుగైదు తెరిచి ఆ వాక్యాలు చూడండి. ఆరు వ్యాసాలను మూటగట్టి 'గతంలో చూపినట్లు' అన్నారా, లేక ఆ పద్ధతిని వాడి, పరీక్షించి, విభేదించారా? సొంత సైటేషన్లను మినహాయించే వీలు స్కోపస్‌లో ఉంది. ఉపసంహరించిన వ్యాసాలకు వైద్య వ్యాసాల డేటాబేసు పబ్‌మెడ్‌లో ఆ సంగతి స్పష్టంగా రాసి ఉంటుంది.

హెచ్-ఇండెక్స్ పెరుగుతుందే గానీ తగ్గదు. రిటైర్మెంటుకు దగ్గరైనవారినీ నిన్న చేరినవారినీ దానితో తూచడం అన్యాయం. గైడు కోసమే వెతుకుతుంటే గత ఐదేళ్ల వ్యాసాలు చాలు. వాటిలో ఆయన చివరి పేరుగా ఉన్నవి ఏరి, మొదటి పేరు ఎవరిదో చూడండి. పీజీ విద్యార్థులదైతే వెళ్లి కలవండి.