వేడితీగ కట్టర్‌కు స్విచ్ ఎంచుకునే ముందు జాగ్రత్తలు

వినాయక మండపాల అలంకరణకు థర్మోకోల్ కోసే వేడితీగ కట్టర్‌ను ఒక 18650 లిథియం సెల్‌తో (తిరిగి చార్జి చేసుకోగల గొట్టం ఆకారపు బ్యాటరీ) ఇంట్లోనే తయారుచేసుకునేవారు, స్విచ్ కొనక ముందే నైక్రోమ్ తీగ (కరెంటుతో వేడెక్కి థర్మోకోల్‌ను కోసే తీగ) నిరోధాన్ని కొలిచి, కరెంటు ఎంతో లెక్కగట్టుకోవాలి. తీగ నిరోధం 1 ఓమ్ అయితే, నిండుగా చార్జయిన సెల్ ఇచ్చే 4.2 వోల్టుల వద్ద సుమారు 4.2 ఆంపియర్లు ప్రవహిస్తాయి. అంత కరెంటును ఆ సెల్ ఆగకుండా ఇవ్వగలదో లేదో కూడా చూసుకోవాలి. సర్క్యూట్ బోర్డుల మీద ఉండే చిన్న నొక్కుడు స్విచ్చులు చాలావరకు 50 మిల్లీఆంపియర్లకే తగినవి కనుక వాటిని తీగతో నేరుగా కలపరాదు. అలాంటి స్విచ్చే కావాలంటే మధ్యలో మాస్‌ఫెట్ (చిన్న స్విచ్ సంకేతంతో పెద్ద కరెంటును నడిపే ట్రాన్సిస్టర్) పెట్టాలి.

సెల్ ఇచ్చేది డీసీ కరెంటు కనుక, స్విచ్ మీద ఏసీ రేటింగు (తట్టుకోగల కరెంటు పరిమితి) మాత్రమే ఉంటే అది చాలదు, డీసీ రేటింగును విడిగా అడగాలి.

విశాఖలో అసలు బెడద ఉప్పుగాలి. పెదవాల్తేరు వంటి సముద్రపు ఒడ్డు పేటల్లో కాంటాక్టులకు పచ్చటి చిలుము పట్టి, నిరోధం 0.1 ఓమ్ పెరిగినా, 4 ఆంపియర్ల వద్ద స్విచ్‌లోనే 1.6 వాట్ల వేడి పుడుతుంది. అందువల్ల రబ్బరు తొడుగుతో, నొక్కినంతసేపే పనిచేసే రకం తీసుకోవడం మేలు. సెల్ పక్కనే ఫ్యూజు తప్పనిసరి.