చూపు లేకుండా బండలు వాలుగా పరిచాను: నా అనుభవం

పెరట్లో కుళాయి నుంచి మామిడిచెట్టు దాకా నేనే పరిచిన తాండూరు బండలు అడుగేస్తే ఊగేవి, వాన నీరంతా ఇంటి గోడ వైపే వచ్చేది. నాకు చూపు లేదు. మాట్లాడే ఫోన్ యాప్, తాకితే కదిలిపోయే దారం, అరచేత్తో అంచనా, ఏదీ కుదరలేదు.

చివరికి పని చేసింది గోలీ. బండలు తీసి, ఇసుక పోసి, రెండు ఇనుప పైపులను ఒకదానికొకటి సమాంతరంగా, మధ్యలో ఎడం ఉంచి అందులోకి నొక్కాను. మీటరు పొడవున్న అల్యూమినియం చానెల్‌ని (కాలువలా గాడి ఉన్న పట్టీని) ఒక పైపు మీద పెట్టి, గోడకు దూరంగా ఉండే కొస కింద రెండు సెంటీమీటర్ల చెక్కముక్క ఉంచి, చానెల్‌లో గోలీ వేశాను. గోలీ ఎటు దొర్లుతుందో వేలికి తెలుస్తుంది. అది కదలకుండా నిలిచేదాకా పైపు కింద ఇసుక తీస్తూ, వేస్తూ పోయాను. నిలిచిందంటే మీటరుకు రెండు సెంటీమీటర్ల వాలు వచ్చినట్టే. రెండో పైపుకీ అంతే. తర్వాత చెక్కముక్క తీసేసి, చానెల్‌ని రెండు పైపుల మీద అడ్డంగా పెట్టి, గోలీ నిలుస్తుందో లేదో చూశాను. ఇది తప్పకుండా చేయండి, మొదటిసారి నేను మర్చిపోతే దారి పక్కకు ఒరిగింది.

పైపుల మీద చెక్క లాగి ఇసుక చదును చేశాను. పైపులు తీసి, ఆ గాడులు పూడ్చి, బండ పెట్టి రబ్బరు సుత్తితో నాలుగు మూలలా కొట్టాను. డొల్లగా మోగిన చోట మళ్లీ ఇసుక వేశాను.

మాది ఎర్రనేల. నల్లరేగడి వానకు ఉబ్బి, ఎండకు బీటలు వారుతుంది కాబట్టి అక్కడ ఇది నిలుస్తుందని చెప్పలేను. బండి తిరిగే చోటైతే అసలు చేయకండి.