పాత కంప్యూటర్‌లో పెద్ద ప్రోగ్రామును కంపైల్ చేసేటప్పుడు మెమరీ చాలకపోతే

ఒంగోలులోనూ, కావలిలోనూ, నెల్లూరులోనూ ఇంజనీరింగ్ చదువుతున్న ఎందరో విద్యార్థులు ఇంట్లో అన్నో అక్కో వాడి ఇచ్చిన 4 జీబీ ర్యామ్ కంప్యూటర్ మీదనే పని నేర్చుకుంటున్నారు. తరగతిలో ఇచ్చే ప్రోగ్రాములకు అది చాలు. కంపైలర్ల తయారీకి వాడే ఎల్‌ఎల్‌వీఎమ్ వంటి పెద్ద సాఫ్ట్‌వేర్ సోర్సును దించుకుని లినక్స్‌లో కంపైల్ చేయబోయినప్పుడు, అంటే ఆ కోడ్‌ను యంత్రం నడపగల రూపంలోకి మార్చబోయినప్పుడు మాత్రం, గంటల తరబడి నడిచిన పని ఒక్కసారిగా ఆగిపోయి, తెరమీద ‘కిల్డ్’ అనే మాట, దాని పక్కన ‘సీసీ1ప్లస్’ అనే పేరు కనిపిస్తాయి. కోడ్‌లో తప్పుందనుకుని వెతకడం, కంపైలర్‌ను తీసేసి మళ్లీ ఎక్కించడం వృథా శ్రమ. ర్యామ్ కొనడానికి పరుగెత్తడమూ తొందరపాటే. పని ఏ దశలో ఆగిందో ముందు తెలుసుకోవాలి. మందు దాన్ని బట్టే ఉంటుంది.

ఆదేశాలను ఇక్కడ పలికినట్లు రాస్తున్నాను. టైపు చేసేటప్పుడు, వేరుగా చెప్పిన చోట తప్ప, ఇంగ్లిష్ చిన్నబడి అక్షరాలు వాడాలి. పని ఆగిన వెంటనే టెర్మినల్‌లో ‘సుడో డీఎమ్‌ఈఎస్‌జీ’ అని కొట్టి చివరి వరుసలు చదవండి. ‘అవుట్ ఆఫ్ మెమరీ’ అని మొదలై ఒక ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రాము) పేరు కనబడితే, మెమరీ నిండిపోవడంతో లినక్స్ మూలభాగమైన కెర్నెల్ తానే ఆ ప్రాసెస్‌ను చంపిందని అర్థం. ఆ పేరు సీసీ1ప్లస్ అయితే ఆగింది సీ++ ఫైలును కంపైల్ చేసే దశలో. ‘ఎల్‌డీ’ అయితే అన్నిటినీ కలిపే లింకింగ్ దశలో.

కంపైల్ దశలో ఆగితే మొదట చూడవలసింది ఒకేసారి ఎన్ని పనులు నడుస్తున్నాయన్నది. ఫైళ్లన్నిటినీ కంపైల్ చేయించే మేక్ ఆదేశానికి ‘-జె’ జతచేసి అంకె ఇవ్వకపోతే అది హద్దు లేకుండా పనులు మొదలుపెడుతుంది. అదే పని చేసే నింజా అయితే ఎవరూ అడగకుండానే ప్రాసెసర్ కోర్ల సంఖ్యను బట్టి పనులను సమాంతరంగా నడుపుతుంది. టెంప్లేట్లు (ఏ రకం డేటాకైనా పనికొచ్చేలా రాసే కోడ్ అచ్చులు) దట్టంగా ఉన్న ఒక్క సీ++ ఫైలే 1 జీబీకి పైగా మెమరీ తీసుకోగలదు. సోమశిల కాలువ కింద అందరూ ఒకేసారి తూములు ఎత్తితే చివరి మడికి నీరు అందనట్లే, అలాంటి నాలుగు ఫైళ్లు కలిసి మొదలైతే 4 జీబీ ర్యామ్ అన్నిటికీ చాలదు. ఒకేసారి రెండు పనులే నడిచేలా ‘-జె2’ ఇచ్చి చూడండి, అప్పటికీ ఆగితే ‘-జె1’ ఇవ్వండి. మేక్ పూర్తయిన ఫైళ్లను మళ్లీ ముట్టుకోదు కాబట్టి, మామూలుగా నడిపి, ఆగిన చోట మాత్రమే ‘-జె1’తో ఆ బరువైన ఫైలును దాటించి, తిరిగి వేగం పెంచుకోవచ్చు. నా అనుభవంలో అన్నిటికంటే ఎక్కువగా పనికొచ్చేది ఇదే, పైగా పైసా ఖర్చు లేదు.

లింకింగ్ దశ కథ వేరు. అక్కడ మెమరీని మింగేది ఎక్కువగా డీబగ్ సమాచారం, అంటే తప్పులు వెతకడానికి ప్రోగ్రాములో చేర్చే వివరాలు. ప్రోగ్రామును కేవలం వాడుకోవడానికే కడుతున్నట్లయితే ఆ వివరాలను చేర్చమని కంపైలర్‌కు చెప్పే ‘-జీ’ తీసివేసి, బిల్డ్‌ను అమర్చే సీమేక్‌లో బిల్డ్ టైపును ‘రిలీజ్’గా పెట్టండి, లింకింగ్ సమయంలో మొత్తం కోడ్‌ను మెరుగుపరిచే ఎల్‌టీఓ అమరిక ఉంటే ఆపేయండి. ఎల్‌ఎల్‌వీఎమ్‌లోనైతే ఒకసారికి ఒక్క లింకింగే జరిగేలా ‘ఎల్‌ఎల్‌వీఎమ్ పారలల్ లింక్ జాబ్స్’ (అన్నీ పెద్దబడి అక్షరాలు, మాటల మధ్య అండర్‌స్కోర్) విలువను 1 చేయవచ్చు. గ్నూ లింకర్‌కు ‘--నో-కీప్-మెమరీ’ అని చెబితే ఫైళ్ల వివరాలను మెమరీలో దాచుకోకుండా అవసరమైనప్పుడు మళ్లీ చదువుకుంటుంది. కొంచెం నిదానమైనా పని గట్టెక్కుతుంది.

ఇవన్నీ చేశాక కూడా ఒక్క ఫైలు దగ్గరే ఆగుతుంటే అప్పుడు స్వాప్‌ను, అంటే ర్యామ్ చాలనప్పుడు దాని బదులు డిస్క్ మీద వాడుకునే చోటును పెంచాలి. ‘సుడో ఫాలొకేట్ -ఎల్ 4జీ /స్వాప్‌ఫైల్’ ఆదేశంతో 4 జీబీ ఫైలు తయారవుతుంది. ఇక్కడ ‘జీ’ మాత్రం పెద్దబడి అక్షరం. ఇతరులు చదవకుండా దానికి ‘సుడో సీహెచ్‌మోడ్ 600’ అనుమతి ఇచ్చి, ‘సుడో ఎమ్‌కేస్వాప్’, ఆ తర్వాత ‘సుడో స్వాప్‌ఆన్’ ఆదేశాలను అదే ఫైలు పేరుతో నడిపి, ‘ఫ్రీ -హెచ్’ కొట్టి స్వాప్ వరుసలో అంకె పెరిగిందో లేదో చూసుకోండి. తిరిగే హార్డ్ డిస్క్ మీద స్వాప్ చాలా నెమ్మది. మౌస్ కూడా కదలనట్లు అనిపించవచ్చు. అందుకే బ్రౌజర్‌ను మూసేయడం మేలు, వీలైతే డెస్క్‌టాప్ లేకుండా టెక్స్ట్ కన్సోల్ నుంచే పని నడపడం ఇంకా మేలు. ‘/టీఎమ్‌పీ’ ఫోల్డర్ ర్యామ్‌లోనే ఉండే ఏర్పాటు కొన్ని డిస్ట్రోల్లో (లినక్స్ రకాల్లో) ఉంటుంది. అలాంటప్పుడు తాత్కాలిక ఫైళ్ల చోటును చెప్పే ‘టీఎమ్‌పీడీఐఆర్’ (అన్నీ పెద్దబడి అక్షరాలు) విలువను డిస్క్ మీది ఫోల్డర్‌కు మార్చితే తాత్కాలిక ఫైళ్ల బరువు ర్యామ్ మీద పడదు.

ఎండాకాలంలో మన వైపు కరెంటు పోవడం మామూలే కాబట్టి ఒక జాగ్రత్త చెప్పాలి. మధ్యలో కరెంటు పోతే సగం రాసిన ఆబ్జెక్ట్ ఫైళ్లు (ఒక్కో సోర్సు ఫైలును కంపైల్ చేస్తే వచ్చే ‘.ఓ’ ఫైళ్లు) సున్నా సైజుతో మిగిలిపోవచ్చు. వాటిని కూడా మేక్ పూర్తయినవిగానే లెక్కించి, చివర్లో లింకింగ్ దగ్గర అర్థంకాని తప్పు చూపిస్తుంది. పని మళ్లీ మొదలుపెట్టే ముందు సున్నా సైజు ఉన్న ‘.ఓ’ ఫైళ్లను వెతికి చెరిపేయండి.

ఒక్క సందర్భంలో మాత్రం స్వాప్ గానీ కొత్త ర్యామ్ గానీ అక్కరకు రావు. ‘యూనేమ్ -ఎమ్’ కొట్టినప్పుడు ‘ఐ686’ అని వస్తే అది 32 బిట్ వ్యవస్థ. అందులో ఒక్కో ప్రాసెస్‌కు సాధారణంగా దొరికేది 3 జీబీ మెమరీకి సరిపడే చిరునామాలే, మెషీన్‌లో ఎంత ఖాళీ ఉన్నా సరే. ‘ఎల్ఎస్‌సీపీయూ’ చూపే వివరాల్లో ప్రాసెసర్‌కు 64 బిట్ కూడా ఉందని తెలిస్తే 64 బిట్ లినక్స్‌ను ఎక్కించండి. లేకపోతే ఆ ఒక్క ప్రోగ్రామును కాలేజీ ల్యాబ్‌లోని 64 బిట్ మెషీన్‌లో 32 బిట్ లక్ష్యంతో కంపైల్ చేసి, తయారైన ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోవాలి.